ఒకే పిన్‌బాల్ టేబుల్, రకరకాల స్క్రీన్లు: వ్యూ ఎలా కుదర్చాలి?

నుమాయిష్_టేబుల్ (నిజాంపేట)

అందరికీ నమస్తే. విజువల్ పిన్‌బాల్‌లో (కంప్యూటర్‌లో పిన్‌బాల్ టేబుళ్లు తయారుచేసి ఆడే ప్రోగ్రామ్) సొంతంగా ఒక టేబుల్ చేస్తున్నాను. థీమ్ మన నుమాయిష్ ఎగ్జిబిషన్. నాంపల్లి గ్రౌండ్స్‌లో చూసేవన్నీ అందులో పెట్టాలని ఆశ. వెనక జెయింట్ వీల్, నడి మధ్యన మౌత్ కా కువా (బావిలాంటి గోడ మీద బైకులు తిప్పే ఆట), ఎడమ పక్క టాయ్ ట్రెయిన్ ట్రాక్‌లా ఒక ర్యాంప్, కుడి పక్క టికెట్ కౌంటర్ దగ్గర స్కూప్ (బాల్ దూరే గుంత). ర్యాంప్ ఎక్కిన బాల్ కువా గోడ వెంట గిరగిరా తిరిగి కిందికి జారి ఎడమ ఫ్లిప్పర్‌కి (బాల్‌ని కొట్టే రెక్కకి) వస్తుంది. ఫిజిక్స్ వరకు తృప్తిగానే ఉంది.

నా లాప్‌టాప్ 15.6 అంగుళాలది. అందులో టేబుల్ చక్కగా కనిపిస్తుంది. మియాపూర్‌లో ఒక ఫ్రెండ్ 43 అంగుళాల టీవీ పడుకోబెట్టి క్యాబినెట్ (అసలు మెషీన్ లాంటి పెట్టె) కట్టుకున్నాడు. అక్కడ ఆడి చూస్తే టేబుల్ పొట్టిగా, బాల్ కోడిగుడ్డులా కనిపించింది. స్కోరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మా తమ్ముడు ఫోన్‌లో పెట్టి చూస్తే, వాడి బొటనవేళ్ల కిందే ఫ్లిప్పర్లు దాక్కున్నాయి.

ఒక్కో స్క్రీన్‌కి ఒక్కో టేబుల్ చేయాలా? లేక ఒకే ఫైలుతో అన్నిటికీ నడిపించవచ్చా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

సైడ్‌రైల్ (తార్నాక)

టేబుల్ ఒకటే చాలు. వ్యూలు వేరువేరుగా కావాలి. ఆ ఏర్పాటు విజువల్ పిన్‌బాల్‌లోనే ఉంది: డెస్క్‌టాప్, క్యాబినెట్, ఫుల్ సింగిల్ స్క్రీన్ (టేబుల్, దాని వెనక నిలబడే స్కోరు అద్దం రెండూ ఒకే తెరలో) అని మూడు వ్యూలు ఒకే ఫైల్లో విడివిడిగా సేవ్ అవుతాయి. మీరు డెస్క్‌టాప్ ఒక్కటే సరిచేసి మిగతా రెండూ డిఫాల్ట్‌కి వదిలేసినట్టుంది.

పొట్టిగా కనిపించడానికి కారణం లెక్కలో ఉంది. 90ల నాటి విలియమ్స్ మెషీన్ల ప్లేఫీల్డ్ (బాల్ దొర్లే పలక) సుమారు 20.25 అంగుళాల వెడల్పు, 46 అంగుళాల పొడవు. పాత ఎలక్ట్రోమెకానికల్ (ఈఎం) మెషీన్లయితే పొడవు 42. విజువల్ పిన్‌బాల్‌లో బాల్ వ్యాసం 50 యూనిట్లు. అసలు బాల్ 27 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం మీద పదహారో వంతు. ఆ లెక్కన కొత్త టేబుల్ తెరవగానే వచ్చే 952 × 2162 సైజు సరిగ్గా ఆ 46 అంగుళాల ప్లేఫీల్డే. వెడల్పుకి పొడవు 2.27 రెట్లు.

ఇప్పుడు టీవీ సంగతి చూడండి. 43 అంగుళాల 16:9 ప్యానెల్ పొడవు 95 సెంటీమీటర్లు, వెడల్పు 53.5. నిష్పత్తి 1.78. వెడల్పు నిండేలా టేబుల్ పెడితే పొడవుకి 121 సెంటీమీటర్లు కావాలి. ఉన్నది 95. ఐదో వంతుకు పైగా తక్కువ పడుతోంది. ఆ తక్కువను ఎక్కడో ఒకచోట సర్దాలి. మీ ఫ్రెండ్ దగ్గర వై స్కేల్ (పొడవు సాగదీసే, కుదించే విలువ) నొక్కేసి సర్ది ఉంటారు. అందుకే బాల్ గుండ్రం పోయింది.

నొక్కడానికి బదులు కెమెరాని వంచండి. ఆటగాడు ఫ్లిప్పర్ల వైపు నుంచి చూస్తాడు కాబట్టి దూరంగా ఉన్న పై భాగం సహజంగానే కురచగా కనిపిస్తుంది. కాస్త ఇన్‌క్లినేషన్ (కెమెరా వాలు), కాస్త ఎఫ్‌ఓవీ (కెమెరా చూపు కోణం) ఇస్తే ఆ ఐదో వంతు పర్‌స్పెక్టివ్‌లోనే సర్దుకుంటుంది. కంటికి అది టేబుల్ లోతులా అనిపిస్తుంది, నొక్కేసినట్టు అనిపించదు.

---

మల్కాజిగిరి_ప్లంజర్

నేను మాత్రం స్క్రీన్ నాలుగు మూలలా నింపేస్తాను. కెమెరా వంచితే పైన అటూ ఇటూ నల్ల త్రికోణాలు మిగులుతాయి. అంత డబ్బు పోసి 4కే ప్యానెల్ కొనుక్కుని మూలలు ఖాళీగా వదలమంటే నాకు మనసొప్పదు. స్కేల్ ఎక్స్, స్కేల్ వై సర్దుకోండి, ఆటలో పడ్డాక ఎవరూ బాల్ ఆకారం చూడరు.

---

సైడ్‌రైల్ (తార్నాక)

ప్లంజర్ గారూ, నేను దీనికి గట్టిగా అడ్డం చెప్తాను. ఆడేవాడు బాల్ ఆకారాన్ని గమనించకపోవచ్చు, కోణం మాత్రం చూస్తాడు. ఫ్లిప్పర్ మీద బాల్ ఎంత దూరం జారాక కొడితే ఏ షాట్‌కి పోతుందో చేతికి అలవాటు అవుతుంది. పొడవు మాత్రమే నొక్కితే తెర మీద ప్రతి కోణం మారిపోతుంది. 45 డిగ్రీల్లో ఉన్న షాట్ ఇంకా అడ్డంగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఫిజిక్స్ మాత్రం పాత కోణంలోనే నడుస్తుంది. కంటికీ చేతికీ పొత్తు కుదరదు. పర్‌స్పెక్టివ్‌లో కూడా కోణం మారుతుంది నిజమే, కానీ అది మన కళ్లు రోజూ చూసే మార్పు. రోడ్డు మీద నిలబడి దూరంగా చూస్తే జరిగేదీ అదే కాబట్టి మెదడు దాన్ని తనే సరిచేసుకుంటుంది.

నల్ల మూలల సంగతి: అక్కడ క్యాబినెట్ లోపలి పక్క గోడలు గీయండి. అసలు మెషీన్‌లో అద్దం కింద ఆ గోడలు కనిపిస్తూనే ఉంటాయి. ఖాళీ అనిపించదు, లోతు కూడా వస్తుంది.

---

మల్కాజిగిరి_ప్లంజర్

పక్క గోడల ఆలోచన బాగుంది. ప్రయత్నిస్తాను. అయినా పాత ఈఎం టేబుళ్లకి, అంటే పొడవు 42 ఉన్నవాటికి, కొద్దిగా సాగదీయడం వల్ల నష్టం లేదనే నా అభిప్రాయం. అక్కడ తేడా తక్కువ కదా.

---

రెండో_తెర (సైనిక్‌పురి)

తమ్ముడూ, వీళ్లిద్దరూ చెప్పినవి సరే. కానీ 10.8 వెర్షన్ వాడుతుంటే ఇంకో దారి ఉంది, నా ఓటు దానికే. వ్యూ మోడ్‌ని 'విండో'కి మార్చు. పాత పద్ధతిలో కెమెరాని ఊహించి సర్దేవాళ్లం. ఇందులో తెర కొలతలు సెంటీమీటర్లలో ఇస్తావు, తెర ఎంత వాలుగా ఉందో ఇస్తావు, ఆడేవాడి కళ్లు తెరకి ఎంత ఎత్తులో, ఎంత వెనక ఉంటాయో ఇస్తావు. టీవీని ఒక కిటికీ అద్దంలా తీసుకుని, దాని కింద నిజంగా టేబుల్ ఉంటే ఆ కళ్లకి ఎలా కనిపిస్తుందో అలా గీస్తుంది. ఆ కొలతలు ఆడేవాళ్లు తమ ఇంట్లో ఒకసారి ఇచ్చుకుంటే చాలు. నీ టేబుల్‌లో ఆ మోడ్ సరిగ్గా పెట్టి ఇస్తే, మియాపూర్ క్యాబినెట్‌లోనూ, నా ఇంట్లోనూ దేనికది కుదురుతుంది.

మా ఇంట్లో ఆడేవాళ్లం రెండు రకాల ఎత్తులు. మా ఆయన ఆరడుగులు, మా అమ్మాయికి ఇంకా ఐదు కూడా రాలేదు. ఆయన ఎత్తుకి పెట్టిన వ్యూలో తను ఆడితే జెయింట్ వీల్ లాంటి ఎత్తైన బొమ్మలన్నీ వాలిపోయినట్టు కనిపిస్తాయి. అందుకే మధ్యస్థంగా కళ్ల ఎత్తు ఇచ్చి వదిలేశాను. నువ్వు టేబుల్ పరీక్షించేటప్పుడు ఒకే ఎత్తుతో చూసి ఊరుకోకు. ఆ విలువ పెంచి, తగ్గించి కూడా చూడు. ఆట నడుస్తుండగానే ఎఫ్12 నొక్కితే మెనూ వస్తుంది, అక్కడే మార్చుకుంటూ పోవచ్చు.

---

నుమాయిష్_టేబుల్ (నిజాంపేట)

అక్కా, విండో మోడ్ పెట్టి చూశాను. బాల్ గుండ్రంగా వచ్చింది, చాలా సంతోషం. కానీ కొత్త సమస్య. కళ్ల ఎత్తు తగ్గించగానే కువా వెనక ఉన్న మూడు టార్గెట్లు కనిపించడం మానేశాయి. బాల్ అటు పోయి ఎటునుంచి బయటికి వస్తుందో తెలియడం లేదు. లాప్‌టాప్ వ్యూలో కెమెరా బాగా పైనుంచి చూస్తోంది కాబట్టి నాకు ఇన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. కువా ఎత్తు టేబుల్ లెక్కలో సుమారు 10 సెంటీమీటర్లు.

---

సైడ్‌రైల్ (తార్నాక)

అసలు విషయం ఇక్కడుంది. వ్యూ సెట్టింగులతో దీన్ని దిద్దలేరు. టేబుల్ నమూనాలోనే దిద్దాలి.

చూపు ప్లేఫీల్డ్‌తో 60 డిగ్రీల కోణంలో పడితే, 10 సెంటీమీటర్ల ఎత్తున్న వస్తువు తన వెనక 6 సెంటీమీటర్లలోపు మేర కప్పేస్తుంది. అదే చూపు 40 డిగ్రీల్లో పడితే కప్పేది 12 సెంటీమీటర్లు. 27 మిల్లీమీటర్ల బాళ్లు నాలుగు వరసగా పేర్చినా కనిపించనంత చోటు. మెషీన్ ముందు నిలబడ్డ మనిషి చూపు ప్లేఫీల్డ్ నడిమి భాగం మీద పడేది ఇంచుమించు ఈ 40 డిగ్రీల చుట్టూనే. అంటే నిజమైన మెషీన్ కట్టినా మీ టార్గెట్లు కనిపించవు. అసలు మెషీన్ల డిజైనర్లు ఎత్తైనవన్నీ వెనక్కి, పొట్టివన్నీ ముందుకి పెట్టేది ఇందుకే. ర్యాంపులు పారదర్శకమైన ప్లాస్టిక్‌తోనో, తీగలతోనో చేసేదీ ఇందుకే. కింద దొర్లే బాల్ కంటికి తెగిపోకూడదు.

కువాని నడి మధ్య నుంచి తీసి ఎడమ వెనక మూలకి జరపండి. లేదా అక్కడే ఉంచి గోడ తీసేసి వైర్‌ఫామ్‌గా మార్చండి. నాకైతే రెండోదే నచ్చుతుంది. నుమాయిష్‌లో కువా గోడలు చెక్క పలకలు, మనం పైన గ్యాలరీలో నిలబడి లోపలికి చూస్తాం. ఇక్కడ పక్క నుంచి చూస్తున్నాం, కాబట్టి మూడు నాలుగు స్టీలు రింగులు, వాటిని పట్టుకునే నిలువు కడ్డీలు చాలు. లోపల తిరిగే బాల్ కూడా అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది. గోడ ఉంటే పక్క నుంచి చూసేవాడికి అసలు ఆకర్షణే దాక్కుంటుంది కదా.

ఇంకొకటి. లేబ్యాక్ అనే విలువ ఎత్తైన వస్తువుల్ని వెనక్కి వాల్చి వాటి ముందు వైపు కనిపించేలా చేస్తుంది. పాత పద్ధతి క్యాబినెట్ వ్యూలో అది చాలా ఉపయోగం, లేకపోతే డ్రాప్ టార్గెట్ల (బాల్ తగిలితే కిందికి పడే పలకల) పై అంచులు తప్ప ముఖాలు కనిపించవు. కానీ దాన్ని అతిగా పెంచితే మీ జెయింట్ వీల్ పడిపోతున్నట్టు ఉంటుంది.

---

ఎడమ_ఫ్లిప్పర్ (మలక్‌పేట)

పైనుంచి చూసే వ్యూకీ, పక్కనుంచి చూసే వ్యూకీ మోడలింగ్‌లో కూడా తేడా ఉంటుందని మర్చిపోకండి. క్యాబినెట్‌లో పోస్టుల నెత్తి మీది స్క్రూలు, ప్లాస్టిక్‌ల పైముఖాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. డెస్క్‌టాప్‌లో ముందు వైపులు కనిపిస్తాయి. బ్లెండర్ అనే 3డీ ప్రోగ్రామ్‌లో వెలుగు ముందే బేక్ చేస్తుంటే (బొమ్మలోనే కలిపేస్తుంటే) స్టీలు మీది మెరుపులు బేక్ చేసిన కెమెరా కోణానికే సరిపోతాయి. వేరే కోణం నుంచి చూస్తే ఆ మెరుపు పెయింట్ వేసినట్టుంటుంది. మీ కువా స్టీలు రింగులు అయితే వాటిని మాత్రం బేక్‌లో కలపకుండా విడిగా ఉంచండి.

---

రెండో_తెర (సైనిక్‌పురి)

స్కోరు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను చెప్తాను, ఇది నాకు ఇష్టమైన భాగం.

మనలో చాలామందికి పిన్‌బాల్ అంటే మొదట గుర్తొచ్చేది విండోస్ ఎక్స్‌పీలో వచ్చిన స్పేస్ కెడెట్. అది 1995లో మాక్సిస్ తెచ్చిన ఫుల్ టిల్ట్ అనే గేమ్‌లోని మూడు టేబుళ్లలో ఒకటి. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో ఎంతమంది ఆడుంటారో. దాని అమరిక గుర్తు తెచ్చుకోండి. 640 × 480 తెర, ఎడమ పక్క టేబుల్, కుడి పక్క స్కోరు ప్యానెల్. అడ్డంగా ఉండే తెరలో నిలువుగా ఉండే టేబుల్ పెడితే పక్కన చోటు మిగులుతుంది, ఆ చోటునే స్కోరుకి వాడుకున్నారు. చూపు టేబుల్ నుంచి ఎగిరి పైకి పోనక్కర్లేదు, కాస్త పక్కకి కదిలితే చాలు.

డెస్క్‌టాప్ వ్యూకి నేను ఇప్పటికీ ఇదే చేస్తాను. 16:9లో అయితే పక్కన ఇంకా ఎక్కువ చోటుంది. బ్యాక్‌డ్రాప్ బొమ్మలో ఒక పక్క స్కోరు, బాల్ నంబరు, ఇప్పుడేం కొట్టాలో ఒక వాక్యం. అంతే. రెండో పక్క కూడా నింపాలని ఆత్రపడకు.

క్యాబినెట్‌లో ఇవన్నీ టేబుల్ తెర మీంచి తీసేయాలి. టేబుల్ ఇప్పుడు డెస్క్‌టాప్ మోడ్‌లో ఉందా లేదా అని స్క్రిప్టు అడిగి తెలుసుకోగలదు. ఉంటే బ్యాక్‌డ్రాప్ స్కోరు, పక్క రెయిల్స్ (అంచు పట్టీలు), ముందు అద్దాన్ని బిగించే లాక్‌డౌన్ బార్ చూపించు. లేకపోతే దాచెయ్. క్యాబినెట్‌కి నిజమైన రెయిల్స్ ఉన్నప్పుడు తెరలో ఇంకో జత ఎందుకు? స్కోరు రెండో తెరకి, అంటే బీ2ఎస్ ప్రోగ్రామ్ చూపించే బ్యాక్‌గ్లాస్‌కి (మెషీన్ వెనక నిలబడే బొమ్మల అద్దానికి) పోతుంది. మూడో తెర ఉంటే డీఎండీకి (చుక్కల స్కోరు పలకకి).

డీఎండీ అంటే 128 × 32 చుక్కలు, అంతే. నీది సొంత టేబుల్ కాబట్టి అసలు మెషీన్ నుంచి తీసిన ROM ఫైలు ఉండదు, ఫ్లెక్స్‌డీఎండీ అనే ప్రోగ్రామ్‌తో చూపించుకోవచ్చు. తెలుగులో రాయాలనుకుంటే ముందే చెప్తున్నా, 32 చుక్కల ఎత్తులో ఒక్క వరసే పెట్టు. ఇంగ్లిష్ అక్షరాలు ఏడెనిమిది చుక్కల్లో సర్దుకుంటాయి. మనకి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు మీద ఒత్తు. 'మౌత్ కా కువా' అని రెండు వరసల్లో ఇరికిస్తే చుక్కల ముద్ద తప్ప ఏమీ కనిపించదు. ఫాంటు మీద ఆధారపడకుండా ఒక్కో మాటనీ బొమ్మగా చేతితో చుక్క చుక్క పెట్టి చేసుకో. ఓపిక కావాలి. కానీ ఆ నారింజ రంగు చుక్కల్లో తెలుగు వెలిగితే ఎంత బాగుంటుందో నీకే తెలుస్తుంది.

---

బ్యాక్‌బాక్స్_హైద్ (ఉప్పల్)

తెరలు కొనేవాళ్లకి ఒక మాట. మీ ఫ్రెండ్‌కి చెప్పండి. పడుకోబెట్టిన టీవీని మనం ఎదురుగా చూడం, పొట్టి అంచు వైపు నుంచి ఏటవాలుగా చూస్తాం. వీఏ ప్యానెల్ అయితే దూరపు భాగంలో రంగులు వెలవెలబోతాయి. డిజైనర్ ఎంత కష్టపడి జెయింట్ వీల్‌కి లైట్లు పెట్టినా అవి పాలిపోయే కనిపిస్తాయి. ఐపీఎస్ ప్యానెల్‌లో ఈ బాధ తక్కువ. కొనేముందు షోరూమ్‌లో టీవీ పక్కకి వచ్చి, బాగా ఏటవాలుగా చూసి తీసుకోమనండి. 120 హెర్ట్జ్ అయితే ఫ్రేముకి 8.3 మిల్లీసెకన్లు, 60 అయితే 16.7. ఫ్లిప్పర్ కొట్టే చేతికి ఆ తేడా తెలుస్తుంది. గేమ్ మోడ్ ఆన్ చేయడం తప్పనిసరి.

బ్యాక్‌గ్లాస్‌కి మాత్రం కొత్త వైడ్ మానిటర్ వద్దు. 90ల విలియమ్స్ మెషీన్ల బ్యాక్‌గ్లాస్ షీటు సుమారు 27 × 19 అంగుళాలు, నిష్పత్తి 1.43. అది 16:9 కంటే పాత 4:3 మానిటర్‌కి దగ్గర. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పాత ఆఫీసు మానిటర్లు చవకగా దొరుకుతాయి. బటన్లు, మైక్రోస్విచ్‌లు, వైర్లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. బ్యాక్‌గ్లాస్ బొమ్మ గీసేటప్పుడు ముఖ్యమైనవన్నీ మధ్యలో పెట్టి, అంచులు కత్తిరించినా పోయేదేమీ లేకుండా చూసుకోండి. అప్పుడు 4:3కీ, 16:9కీ అదే బొమ్మ నడుస్తుంది.

---

ఎడమ_ఫ్లిప్పర్ (మలక్‌పేట)

ఫోన్ సంగతి నేను చెప్తా, నేను మెట్రోలో ఆడేది ఫోన్‌లోనే. విచిత్రం ఏంటంటే పిన్‌బాల్ టేబుల్ ఆకారానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న తెర ఫోనే. 20:9 ఫోన్ నిలువుగా పట్టుకుంటే నిష్పత్తి 2.22, టేబుల్‌ది 2.27. నొక్కే పని లేదు, వంచే పని లేదు, దాదాపు నేరుగా పైనుంచి చూపించవచ్చు.

కానీ సైజు చూడండి. ఫోన్ వెడల్పు 7 సెంటీమీటర్లనుకుంటే బాల్ 3.7 మిల్లీమీటర్లు. ప్లేఫీల్డ్ మీద అంగుళం ఇన్సర్టు లైటు (పలకలో పొదిగిన దీపం) మూడున్నర మిల్లీమీటర్లు. దాని మీద 'డబుల్ బోనస్' అని రాస్తే ఎవరికీ కనిపించదు. రాతలకి బదులు రంగు, ఆకారం చూసి గుర్తుపట్టేలా చేయండి. బాణం అంటే షాట్, గుండ్రం అంటే బోనస్. అది పెద్ద టీవీలో కూడా మేలే చేస్తుంది.

బొటనవేళ్లకి పరిష్కారం యాప్రన్‌లో ఉంది. ఫ్లిప్పర్ల కింద, బాల్ పడిపోయే చోట ఉండే ఆ పలక. ఫోన్ వ్యూలో టేబుల్‌ని కాస్త పైకి జరిపి, యాప్రన్ కింద వేళ్లు ఆనించడానికి చోటు వదలండి. స్కోరు మాత్రం యాప్రన్ మీద వద్దు, వేళ్లు కప్పేస్తాయి. పైన కెమెరా కటౌట్ కిందుగా సన్నని పట్టీలో పెట్టండి.

---

మల్కాజిగిరి_ప్లంజర్

ఫోన్‌కి సరిపడా ఇన్సర్టులు పెద్దవి చేస్తే క్యాబినెట్‌లో పిల్లల బొమ్మలా ఉండదా? నాకు 43 అంగుళాల మీద చిన్న చిన్న రాతలు చదువుకోవడమే ఇష్టం. అసలు మెషీన్‌లో మూలమూలనా ఏదో ఒకటి రాసి ఉంటుంది, ఆ అందం వేరు.

---

రెండో_తెర (సైనిక్‌పురి)

ప్లంజర్ గారు చెప్పినది న్యాయమే. ఆట ఆడటానికి అవసరమైన సమాచారం పెద్దదిగా, అందం కోసం ఉన్నది చిన్నదిగా ఉంచితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. టికెట్ కౌంటర్ మీద రేటు బోర్డు, స్టాళ్ల పేర్లు, చుడీబజార్ గాజుల దుకాణం, ఇవన్నీ సన్నగా రాసుకో. ఫోన్‌లో ఆడేవాడికి అవి కనిపించకపోయినా ఆట ఆగదు. 'స్కూప్‌లో వేస్తే ఎక్స్‌ట్రా బాల్' అనేది మాత్రం దూరం నుంచి కూడా తెలియాలి.

---

నుమాయిష్_టేబుల్ (నిజాంపేట)

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. కొత్త వెర్షన్ పెట్టాను. మార్పులు ఇవీ:

కువా నడి మధ్యనే ఉంది, గోడ పోయి నాలుగు స్టీలు రింగులయింది. రింగుల మధ్య నుంచి వెనక టార్గెట్లు కనిపిస్తున్నాయి. కళ్ల ఎత్తు ఎంత తగ్గించినా బాల్ తప్పిపోవడం లేదు. జెయింట్ వీల్ ఇంకాస్త వెనక్కి పోయింది, దాని మీది లైట్లు ఇప్పుడు బ్యాక్‌గ్లాస్ లైట్లతో కలిసి తిరుగుతాయి, రెండో తెర లేనివాళ్లకి ఆ లైట్లు టేబుల్ మీదే తిరుగుతాయి. క్యాబినెట్‌కి విండో మోడ్. డెస్క్‌టాప్‌కి ఇన్‌క్లినేషన్ 50 దగ్గర పెట్టి, స్కోరు కుడి పక్కకి తెచ్చాను. పక్క గోడలు చెక్క రంగులో గీశాను. నల్ల మూలలు ఇప్పుడు లేవు. ఇన్సర్టులన్నీ బాణాలు, గుండ్రాలే. డీఎండీలో తెలుగు మాటలు ఒక్కొక్కటే గీస్తున్నాను. 'జాక్‌పాట్' కుదిరింది. 'ఎక్స్‌ట్రా బాల్'లో క్స్ ఒత్తు, ట్రా ఒత్తు పక్కపక్కన పడి అతుక్కుపోతున్నాయి, మధ్యలో ఒక చుక్క వెడల్పు పెంచి చూస్తాను.

ఫుల్ సింగిల్ స్క్రీన్ వ్యూ ఎవరైనా చూసి చెప్తారా? నా దగ్గర లాప్‌టాప్ తప్ప వేరే తెర లేదు.

---

సైడ్‌రైల్ (తార్నాక)

27 అంగుళాల మానిటర్ మీద చూశాను. బ్యాక్‌గ్లాస్, టేబుల్ రెండూ ఒకే తెరలో బాగా కూర్చున్నాయి, కువాలో బాల్ తిరిగే తీరు అద్భుతం. ఒకటే లోపం. వ్యూ సర్దేటప్పుడు టేబుల్ కాస్త కుడికి జరిగినట్టుంది, దాంతో కుడి అవుట్‌లేన్ (బాల్ చేజారిపోయే పక్క దారి) పోస్టు తెర కుడి అంచులో సగం తెగిపోయింది. బాల్ అక్కడ పోస్టుకి తగిలి బయటికి పోతుందా, లోపలికి వస్తుందా అన్నది తెలియాలి, నడ్జ్ చేయాలా (మెషీన్‌ని కాస్త తోయాలా) వద్దా అని ఆటగాడు నిర్ణయించుకునే చోటు అదే. ఎక్స్ ఆఫ్‌సెట్ కొద్దిగా మార్చి, టేబుల్‌ని ఎడమకి జరపండి. ఫైలు మళ్లీ పెట్టగానే చూస్తాను.

---

రెండో_తెర (సైనిక్‌పురి)

నేను రాత్రికి క్యాబినెట్‌లో పెట్టి మా అమ్మాయి చేత ఆడిస్తాను. తన ఎత్తు నుంచి కువా వెనక మధ్య టార్గెట్ కనిపిస్తోందో లేదో స్క్రీన్‌షాట్‌తో సహా పెడతాను. ఎక్స్‌ట్రా బాల్‌కి ఆ రెండు మాటలూ రెండు ఫ్రేములుగా చూపించు తమ్ముడూ, ముందు 'ఎక్స్‌ట్రా', వెంటనే 'బాల్'. 128 చుక్కల వెడల్పూ ఒక్కోదానికి దొరుకుతుంది, ఒత్తులు విడివిడిగా నిలబడతాయి.